ఏడున్నర మూతలు

మొన్న మా మునిమనవరాలికి దగ్గు పట్టుకుంటే, వాళ్ళమ్మ, అంటే మా మనవరాలు, మందు సీసానూ దాంతోపాటు వచ్చిన చిన్న ప్లాస్టిక్ గిన్నెనూ నా చేతికిచ్చి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పరిగెత్తుతూ, ఐదు గీత దాకా పోసి తాగించమని చెప్పి వెళ్ళింది. గిన్నె నా బొటనవేలంత ఉంది. దాని ఒంటి మీద రెండున్నర, ఐదు, ఏడున్నర, పది అని సన్నటి గీతలు, వాటి పక్కన అంకెలు. ఏడున్నర దగ్గర నా చూపు ఆగింది. సీసా వంచబోయిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. పాలు దించి వచ్చిన మనవరాలు, ఇంకా పొయ్యలేదా అమ్మమ్మా, గీత కనిపించట్లేదా అని నవ్వి, తనే పోసి పాపకు తాగించింది. కళ్ళద్దాలు మార్పించాలి అంది. నేను సరేనన్నాను. గీత కనిపించక కాదు. మందును మూతలో పోసి కొలవమంటే నా చెయ్యి ఇలాగే ఆగిపోతుంది, ఇవాళ కొత్త కాదు. ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తెలిసిన ఒక్క మనిషీ ఇప్పుడు లేడు. నా ఈడు వాళ్ళు, ఆ నల్లరేగడి చేలల్లో నాలాగే వంగి లేచిన వాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

మాది సత్తెనపల్లికి బస్సులో ముప్పావుగంట దూరాన ఉన్న పల్లె. చర్చి వెనకాల మా పేట. నేను బడికి పోలేదు. మా అమ్మ పత్తి తీతకు పోతే తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టు మీద కూర్చోవడమే నా బడి. అయితే నాకు లెక్క రాదని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు. జాన, బెత్తెడు, మూర, బార అన్నీ నా ఒంటిమీదే ఉండేవి. పొద్దు ఎంత ఎక్కిందో నా నీడను నా అడుగులతోనే కొలిచి చెప్పేదాన్ని. నీడ ఆరు అడుగులుంటే ఒక లెక్క, మూడు అడుగులకు తగ్గితే కూలీలు అన్నానికి లేచే వేళ. మిరపనారు ఎన్ని కట్టలు పీకితే ఎకరానికి సరిపోతుందో, ఎంతమంది ఆడవాళ్ళు ఎన్ని సాళ్ళు పట్టుకుంటే పొద్దు వాలేలోపు కలుపు అయిపోతుందో, మడి గట్టు మీద నిలబడి ఒకసారి చూస్తే చాలు, నోటికి వచ్చేసేది. ఎట్లా వచ్చేదో అడిగితే చెప్పలేను. కంటికి అలవాటైపోయిన లెక్క అది. ఆ రోజుల్లో మనలో చాలామందికి అట్లాగే వచ్చేది, గుర్తుండే ఉంటుంది మీకు.

ఆదివారం ఆరాధన అయ్యాక పేటలో ఏడెనిమిది ఇళ్ళ వాళ్ళు కలిసి వేటపోతును కోస్తే, కూర పంచి పోగులు వేసే పని నాకే అప్పగించేవాళ్ళు. తాటాకులు పరిచి, ముందు మెత్తటి కూర, దాని మీద ఎముకలు, ఆపైన కాలేజంలో కాస్తకాస్త, అన్ని పోగులకూ ఒకేలా చెయ్యి తిప్పుకుంటూ వెయ్యాలి. తక్కెడ ఉండదు. పోగులు వేసినవాళ్ళు, మిగతా అందరూ తీసుకున్నాక మిగిలిన చివరి పోగు తీసుకోవాలనేది మా పేట కట్టుబాటు. అందువల్ల పెద్దదీ చిన్నదీ వేస్తే చిన్నది మనకే మిగులుతుంది. నేను కాపురానికి వచ్చిన రెండో ఏటి నుంచీ పోగులు వేశాను గానీ, నా పోగు మిగతా వాటికన్నా తగ్గిందీ లేదు, పెరిగిందీ లేదు. మా మరిది ప్రతిసారీ పోగుల చుట్టూ పిల్లిలా తిరిగి, చివరికి ఏదో ఒకటి తీసుకుంటూ, "వదినా, నీ కళ్ళల్లో తక్కెడ పెట్టి కుట్టాడే దేవుడు, ఒక్కటన్నా పెద్దది దొరికి చావదు" అనేవాడు. మా అత్త ఆ మాటకు నవ్వుతూనే, కోడల్ని మెచ్చుకోవడం ఇష్టంలేక, "వాడి కళ్ళకే దోషం" అనేది. మా ఆయన మాటలు తక్కువ మనిషి. అయినా చేలో గానీ ఇంట్లో గానీ కొలిచే పని ఏదొచ్చినా, నా వైపు తిరిగి గడ్డం ఎగరేసేవాడు, నువ్వు చూడు అన్నట్టు. ఆ గడ్డం ఎగరేయడంలో ఉన్న నమ్మకం చూసుకుని నేను మురిసిపోయేదాన్ని.

ఎనభైలు మొదలైన ఆ రోజుల్లో మా వైపు అందరూ పత్తి పిచ్చిలో పడ్డారు. మేమూ మా మరిదీ పక్కపక్కనే రెండేసి ఎకరాలు కౌలుకు తీసుకున్నాం. పత్తి వేస్తే పురుగు, పురుగుకు మందు. చేను పూత మీదికి వచ్చిందంటే పచ్చపురుగు, అది పోతే తెల్లదోమ, ఏదో ఒకటి ఉండనే ఉండేది. మా ఆయన స్ప్రేయరు వీపుకు తగిలించుకుని ఒక చేత్తో పంపు ఆడిస్తూ ఇంకో చేత్తో గొట్టం తిప్పుతూ సాళ్ళలో నడిచేవాడు. నేను కాలవ నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి, మందు కొలిచి కలిపి, వేపపుల్లతో తిప్పి, ట్యాంకు నింపేదాన్ని. మందు డబ్బా మీద ఎంత కలపాలో రాసే ఉండేది. అది చదవడం ఇంట్లో ఎవరికీ రాదు. కొట్టాయన నోటితో చెప్పిందే మాకు రాత. ట్యాంకుకు రెండు మూతలు అని చెప్పాడు. అప్పటి డబ్బాకు ఉన్న మూత చిన్నది, నా చిటికెన వేలి రెండు కణుపులంత ఎత్తు కూడా లేదు. దాన్ని దారంతో డబ్బా మెడకు కట్టి, అది అయిపోయాక కొత్త డబ్బాకూ అదే కట్టుకుంటూ, రెండేళ్ళు ఆ మూతతోనే కొలిచాను. ట్యాంకుకు రెండు. ఎన్నడూ తేడా రాలేదు.

మూడో ఏడు, మా మరిదీ మేమూ కలిసి ఒకే పెద్ద డబ్బా కొనుక్కుంటే మేలని, అన్నదమ్ములిద్దరూ సత్తెనపల్లి పోయి తెచ్చారు. అదే మందు, అదే బొమ్మ, డబ్బా మాత్రం పెద్దది, మూతా పెద్దది. రెండు చేలకూ రెండేసిసార్లు కొట్టుకోవచ్చని కొట్టాయన చెప్పాడట. మరునాడు పొద్దున్నే చేలోకి పోయాం. మా వైపు ఆ నెలల్లో నీడ నాలుగు అడుగులకు తగ్గేసరికి గాలి తిరుగుతుంది, ఆ తర్వాత మందు కొడితే చేను మీద కంటే మనిషి మొహం మీదే ఎక్కువ పడుతుంది. అందుకని పనంతా తొందర తొందరగా జరగాలి. నేను చిన్న మూత విప్పి చేతిలో పట్టుకున్నాను. ట్యాంకు ట్యాంకుకూ రెండేసి సార్లు వంచాలి, వంచిన ప్రతిసారీ వేళ్ళ మీద కాస్త ఒలుకుతుంది, ఆ వాసన అన్నం తినేటప్పుడు కూడా పోదు. అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. పెద్ద మూతను వెల్లకిలా పెట్టి, దాని నోటి మీద చిన్న మూతనూ, అలాంటిదే ఇంకొకటి మా మరిది దగ్గరున్నది అడిగి తీసుకుని, రెంటినీ పక్కపక్కన ఆనించి చూశాను. ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలిచినట్టు సరిపోయాయి. గోరు పట్టేంత సందు కూడా లేదు. ఎత్తు చూస్తే అదీ అంతే, చిన్నవి ఒకదాని మీద ఒకటి పెడితే పెద్దదాని ఎత్తు వచ్చింది. ఇంకేముంది, రెండు చిన్నవి కలిస్తే ఒక పెద్దది. ట్యాంకుకు రెండుసార్లు వంచే బదులు ఒక్కసారి వంచితే చాలు.

ఆ మాట మా ఆయనకు చెప్పాను. ఆయన మూతల వంక చూసి గడ్డం ఎగరేశాడు. మా మరిది, "వదిన లెక్క తప్పుతుందా, కానియ్యి" అన్నాడు. నేను ఆ పూట ఎంత గర్వంగా మందు కలిపానో ఇప్పటికీ గుర్తుంది. అంత చిన్న సంగతి రెండేళ్ళుగా ఎవరికీ తట్టలేదే అనుకున్నాను.

మొదటి రోజు సాయంత్రం మా ఆయన తల దిమ్ముగా ఉందన్నాడు. చెమటలు పోశాయి. ఎండకు అనుకున్నాం. రెండో రోజు మళ్ళీ వెళ్ళాం. ట్యాంకు అడుగున సన్నగా కారుతూ ఉండి, వీపంతా తడిసేది, అది ఎప్పుడూ ఉన్నదే. నాలుగో ట్యాంకు కలుపుతూ డబ్బా ఎత్తి చూస్తే తేలిగ్గా తగిలింది. మా చేను ఇంకా సగం కాలేదు, డబ్బా సగానికి దిగింది. రెండు చేలకు రెండుసార్లు వస్తుందన్న మందు ఇట్లా దిగిపోయిందేమిటని నాకు వచ్చిన కోపమంతా కొట్టాయన మీదే. తక్కువ నింపి అంటగట్టాడని మా ఆయనతో అన్నాను. ఆయన నోట్లో ఉమ్మి ఊరుతుంటే ఉమ్ముకుంటూ సాలు మధ్యలోకి వెళ్ళాడు. కాసేపటికి పంపు చప్పుడు ఆగింది. పత్తి మొక్కలు ఆయన నడుము దాకా ఉండేవి, తల కనిపించాలి. కనిపించలేదు.

మరిది మోసుకొచ్చి గట్టున పడుకోబెట్టాడు. నోట్లో నురగ, కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. బండి కట్టి రోడ్డు దాకా, అక్కణ్ణుంచి బస్సులో గుంటూరు ఆసుపత్రికి. ఎట్లా పోయామో, బస్సులో ఎవరు చోటిచ్చారో ఏదీ గుర్తులేదు. ఒకటే గుర్తుంది. డాక్టరు గారు కాగితం పట్టుకుని, ట్యాంకుకు ఎంత కలిపారమ్మా అని అడిగారు. ఒక మూతండీ అన్నాను. ఒక్కటేనా, రెండు కలిపే వాళ్ళనూ చూశాను నేను, అది ఎక్కువేం కాదే అని ఆయన అనుకుంటూ రాసుకున్నారు. ఏ మూత అని ఆయన అడగలేదు. అడగాలని ఎవరికి తడుతుంది? నాకూ తట్టలేదు.

పన్నెండు రోజులకు బతికి ఇంటికి వచ్చాడు. పేటలో ప్రార్థన పెట్టించారు. ఆ తర్వాత మూడు వారాలకు కాళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉన్నాయన్నాడు. అరికాళ్ళ నుంచి మొదలై మోకాళ్ళ దాకా, ఆ పైన చేతి వేళ్ళకూ వచ్చింది. పాదం ఈడుస్తూ కర్ర పట్టుకుని నడిచేవాడు. చెప్పు జారి పది అడుగుల వెనక పడిపోయినా తెలిసేది కాదు. నేను వెనక నడుస్తూ ఏరుకొచ్చి తొడిగేదాన్ని. నరాలు దెబ్బతిన్నాయి, కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు అన్నారు. ఆయనకు రాలేదు.

చేను కూడా మాడింది. మేము మందు కొట్టిన సాళ్ళలో ఆకు అంచులు కాలినట్టు నల్లబడి రాలిపోయింది. అది చూసి ఊరంతా కల్తీ మందని తేల్చేశారు. ఆ రోజుల్లో మందు పనిచెయ్యకపోయినా కల్తీ, ఎక్కువ పనిచేసినా కల్తీ. సగానికి దిగిన డబ్బా, మాడిన ఆకు, పడిపోయిన మనిషి, మూడూ కలిసి ఆ మాటకు సాక్ష్యం చెప్పాయి. నేను ఆ డబ్బా పట్టుకుని సత్తెనపల్లి బస్సెక్కి, కొట్టు ముందు నిలబడి, నలుగురూ చేరేదాకా తిట్టాను. "నీ చేతులు పడిపోను, తక్కువ నింపి అమ్మి నా మొగుణ్ణి అవిటివాణ్ణి చేశావే!" అన్నాను. కొట్టాయన మెత్తటి మనిషి, "తల్లీ, సీలు తియ్యకుండానే ఇచ్చాను గదమ్మా, నేనెందుకు చేస్తాను అట్టాంటి పని" అని రెండు చేతులూ జోడించాడు. నేను మన్ను ఎత్తి కొట్టు గుమ్మంలో పోసి వచ్చాను. ఆ తర్వాత మా ఊరి వాళ్ళు ఆయన కొట్టు మెట్లు ఎక్కడం మానేశారు. కొన్నేళ్ళకు ఆ కొట్టు తీసేసి ఎటో పోయాడని విన్నాను.

నేను ఏడవలేదు. బలవంతాన ఆపుకోవడం కాదు, రాలేదు. పొద్దున లేవడం, కూలికి పోవడం, వచ్చి వండడం, ఆయన కాళ్ళు చూడడం, ముల్లు గుచ్చుకున్నా తెలియదు కాబట్టి రోజూ అరికాళ్ళు తడిమి చూడాలి, అంతే. మనసులో ఏముందని అడిగితే ఏమీ లేదనే చెప్పాలి. పత్తి మానేశాం. మిరప కోతల కాలంలో నేను కోతకు పోతే, ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని కాయలకు తొడిమలు తీసే పని చేసేవాడు. తొడిమలు తీసే ఆడవాళ్ళకు రెండు రోజులకే వేళ్ళు మండిపోయి, చల్లటి మజ్జిగలో ముంచుకుని కూర్చోవడం మీరు చూసే ఉంటారు. ఆయనకు మండేది కాదు. బస్తాకు బస్తా తీసేవాడు. పక్కింటి పెద్దమ్మ ఆశ్చర్యపోతే, "నాకేం పెద్దమ్మా, మందు కొట్టి చేతులకు మంట లేకుండా చేసుకున్నా" అని నవ్వేవాడు. నేను ఆ నవ్వు వినేదాన్ని. నవ్వు వచ్చేది కాదు, బాధా వచ్చేది కాదు.

ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి మా చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన భార్య టీచరు చదువు చదివిన మనిషి. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక చర్చి వరండాలో ఆడవాళ్ళకు అక్షరాలు చెబుతానంది. వాక్యం సొంతంగా చదువుకోవచ్చని ఆశపెట్టింది. నాకప్పటికి నలభై దగ్గర పడుతున్నాయి. మా అమ్మాయికి పెళ్ళి చూస్తున్నారు, ఇప్పుడు పలక పట్టుకుంటావా అని మా అత్త గొణిగింది. మా ఆయన మంచం మీద నుంచే, "పోనీయమ్మా, ఇంట్లో ఒక్కరికన్నా రావాలి గదా" అన్నాడు. వెళ్ళాను. పలక మీద నా పేరు రాసుకున్న రోజు నాకంటే ఆయనే ఎక్కువసేపు ఆ పలక పట్టుకుని కూర్చున్నాడు. వేలితో గీతలు తడిమితే స్పర్శ తెలియదు గదా, అందుకని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

అక్షరాలయ్యాక అంకెలు. అవి నాకు తొందరగా వచ్చాయి. ఆ ఏటి కోతల పండక్కి చర్చిలో అందరికీ భోజనాలని కొత్త గుండిగ కొన్నారు. పాత గుండిగకు వెడల్పూ ఎత్తూ అన్నీ రెట్టింపు. వంటకు దిగిన మేము, పాతదానికి పోసే బియ్యానికి రెట్టింపు పోస్తే నిండుతుందని పోశాం. ఉడికాక చూస్తే అన్నం గుండిగ అడుగున పిల్లిలా పడుకుని ఉంది. అందరూ నవ్వారు. పాస్టరమ్మ కూడా నవ్వి, వచ్చే ఆదివారం ఇదే పాఠం అంది. అన్నట్టే ఆ ఆదివారం ఒడినిండా అగ్గిపెట్టెలు తెచ్చి వరండాలో పోసింది. ఒక అగ్గిపెట్టె పెట్టి, దీనికి పొడవు రెట్టింపు చెయ్యమంది. రెండు పెట్టాం. ఇప్పుడు వెడల్పు రెట్టింపు చెయ్యమంది. నాలుగు అయ్యాయి. ఇప్పుడు ఎత్తు అంది. నాలుగు మీద నాలుగు పెట్టాం. లెక్కపెట్టండి అంది. ఎనిమిది. చూశారా, అన్నివైపులా రెండింతలైతే లోపల పట్టేది రెండింతలు కాదు, ఎనిమిదింతలు అంది. ఆడవాళ్ళు అబ్బో అన్నారు. ఒకామె మళ్ళీ లెక్కపెట్టింది. నేను పెట్టలేదు. నాకు వినపడడం ఆగిపోయింది. ఎదురుగా అగ్గిపెట్టెలు లేవు. వెల్లకిలా పెట్టిన పెద్ద మూత, దాని నోటి మీద గోరు సందు లేకుండా ఆనుకున్న రెండు చిన్న మూతలు ఉన్నాయి.

మరునాడు పనికి పోలేదు. పశువుల పాకలో, గోడ మేకుకు రెండు మూతలూ అట్లాగే వేలాడుతున్నాయి, దుమ్ము పట్టి. వాటి జోలికి ఎవరూ పోకూడదని నేనే అప్పుడు కట్టి పైన తగిలించాను. దించి బూడిదతో తోమి, వాకిట్లో కూర్చుని, చెంబులో నీళ్ళు పెట్టుకున్నాను. కాస్త అవతల మంచం మీద మా ఆయన మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నాడు. ఏం చేస్తున్నావని అడగలేదు. చిన్న మూత నింపి పెద్దదాంట్లో పోశాను. ఒకటి. రెండో మూత పోశాక ఆగి చూశాను. నా లెక్క ప్రకారం అది నిండాలి. అడుగున నీళ్ళు కదులుతున్నాయి. మూడు, నాలుగు. పాస్టరమ్మ చెప్పింది తప్పు కావాలని ఆ క్షణంలో ఎంత కోరుకున్నానో. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిదోది నింపి పొయ్యబోతున్నాను.

"ఎనిమిది పట్టవే" అన్నాడు ఆయన. "ఏడున్నర."

నేను తలెత్తాను. ఆయన కాయల మీద నుంచి చూపు తియ్యలేదు. ఎనిమిదో మూత సగం వంచేసరికి పెద్ద మూత అంచు దాకా నిండి, నీళ్ళు పైకి ఉబ్బి నిలబడ్డాయి. సగం నా చేతిలోనే మిగిలింది.

"నీకెట్టా తెలుసు?" అన్నాను.

"కొలిచాగా."

"ఎప్పుడు?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన ఏడే. నువ్వు కాయ కోతకు పోయినప్పుడు. చేతులు ఒణుకుతా ఉంటే సగం నేల పాలయ్యేవి. నాలుగు మాట్లు కొలిచా. నాలుగు మాట్లూ ఏడున్నరే."

అంటే ఏడేళ్ళు. ఏడేళ్ళుగా ఈయన నా వెనకే కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు, నేను వండింది తిన్నాడు, కొట్టాయన్ని నేను తిట్టి వచ్చి చెబితే విన్నాడు, పలక మీద నా పేరు చూసుకుని మురిశాడు. ట్యాంకుకు దాదాపు నాలుగింతల మందు కలిపి తన వీపుకెత్తింది ఎవరో తెలిసే ఇదంతా చేశాడు. నాతో ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగాను.

ఆయన ఒక కాయ తొడిమ తీసి బుట్టలో వేసి, ఇంకోటి తీసుకున్నాడు. "చెప్తే ఏం జేసేదానివి? కొలవటం మానేసేదానివి. కాళ్ళు రాని నేనూ, కొలవని నువ్వూ కలిసి ఈ ఇల్లు ఎట్టా ఈడ్చేవాళ్ళం?" అన్నాడు. ఆ కాయ తొడిమా గిల్లి, "గడ్డం ఎగరేసింది నేనే గదే. నాకు మాత్రం కళ్ళు లేవా ఆ పొద్దు?" అన్నాడు. బుట్ట పక్కకు జరిపి, "ఆ కొట్టాయనే పాపం, ఊరికే తిట్లు తిన్నాడు" అన్నాడు.

అప్పుడైనా ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. పెద్ద మూత పట్టుకుని అట్లాగే కూర్చున్నాను, ఒక్క చుక్క ఒలకకుండా. ఎండకు నీళ్ళు వెచ్చబడ్డాయి. నీడ ఎన్ని అడుగులుందో కొలవలేదు. చివరికి ఆయనే, "పారబొయ్యి, చర్చిలో ఇచ్చే పాత్ర గాదు అది" అన్నాడు. పాక వెనక గొయ్యి తీసి రెండు మూతలనూ పూడ్చాను.

ఆ తర్వాతి ఆదివారం పేటలో వేటను కోశారు. పోగులకు నన్ను పిలిచారు. నేను గుమ్మంలో నిలబడి ఆయన వంక చూశాను. ఆయన గడ్డం ఎగరేశాడు. వెళ్ళి వేశాను. ఎనిమిది పోగులు. చివరికి నాకు మిగిలింది చూస్తే, మిగతా వాటికన్నా కాస్త చిన్నది. అంతకు ముందు ఎన్నడూ అట్లా జరగలేదు. మా మరిది, "వదినా, ఇయ్యాల నాకు పెద్దది దొరికిందే" అని అందరికీ చూపించాడు. ఇంటికి తెస్తే మా ఆయన తాటాకు విప్పి చూసి, మళ్ళీ కట్టి నా చేతికిచ్చాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పోగులు వేశాను. మా ఆయనా చాలా ఏళ్ళు బతికాడు. ఆ మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొట్టాయన కోసం మాత్రం రెండుసార్లు సత్తెనపల్లిలో వాకబు చేశాను. ఏ ఊరు పోయాడో చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు మా పేటలో పోగులు లేవు. ఎవరికి వారు కొట్టుకు పోతే, మిషను మీద పెట్టి ఎర్రటి అంకెల్లో తూకం చూపించి సంచిలో వేసి ఇస్తారు. చేలకు మందు కొట్టే యంత్రం మనిషి వీపు మీద కాదు, ఆకాశంలో ఎగురుతోంది. డబ్బా మీద తెలుగులో రాసి ఉంటుంది, పక్కన గీతలున్న గిన్నె ఇస్తారు. మంచిదే. ఆ గిన్నె ఒకటి అప్పుడు మా గట్టు మీద ఉంటే ఆయన చెప్పు ఆయన కాలికే ఉండేది. ఆ సంగతి నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అయినా ఏదో పోయిందని కూడా అనిపిస్తుంది. అప్పుడు లెక్క ఒక మనిషి చేతిలో ఉండేది. ఆ చెయ్యి తప్పితే, తప్పిన చేతిని ఏడేళ్ళు కాపాడే మనిషి పక్కన ఉండేవాడు. ఇప్పుడు గీత తప్పదు. తప్పని దానికి ఎవరి ఓర్పూ అక్కర్లేదు.

మనవరాలు మందు గిన్నె కడిగి కిటికీలో బోర్లించి వెళ్ళాక, దాన్ని తీసి కుళాయి కింద పెట్టాను. అంకె చదువుకుంటూ ఏడున్నర గీత దాకా నింపి, వెలుతురుకు ఎత్తి చూశాను. నీళ్ళు గీతకు సరిగ్గా ఆనుకుని నిలబడ్డాయి. ఆ గీత ఏ ఇంట్లో, ఎవరి చేతిలో చూసినా ఒకటే. మా ఏడున్నర మాత్రం ఇద్దరికే తెలిసిన లెక్క. అందులో నేనొక్కదాన్నే మిగిలాను.